చివరి జానెడు

నేను రిటైరై మూడేళ్లయింది. మోకాళ్లు మొండికేస్తున్నాయి. అయినా డ్రైవింగు మెలకువలు చెప్పమని నెలకు ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు వస్తూనే ఉంటారు. వచ్చీ రాగానే అడిగేది ఒకటే ప్రశ్న. "పెద్ద పెద్ద బండ్లు నడిపినవట గద అన్నా, అన్నిట్ల ఏది మంచిది?" వాళ్ల ఫోన్లలో అప్పటికే అన్ని వీడియోలూ ఉంటాయి. ఏ బండి ఎన్ని సెకన్లలో వంద అందుకుంటుందో నోటికి చెబుతారు. ఆబిడ్స్ జీపీఓ దగ్గర బయలుదేరి నాంపల్లి స్టేషన్ చేరేలోపు వంద అందుకున్నవాణ్ణి నేనైతే ఇంతవరకూ చూడలేదు. ఉంటే వాడి ఫోటోకి ఈపాటికి దండ వేసి ఉంటారు.

ఆ ప్రశ్నకు నేను జీవితంలో ఒకే ఒక్కసారి జవాబు చెప్పాను. నా మాట మీద ఒక ఇంటివాళ్లు బండి కొన్నారు. నా జవాబు తప్పని నాకు తెలుసు, తెలిసే చెప్పాను. దానివల్ల ఒక పెద్దావిడ నోము ఏడాది ఆలస్యమైంది. ఆ సంగతి రాసి పెడుతున్నాను. స్టీరింగు పట్టుకునేవాళ్లు చదివితే మంచిది.

ముప్పై ఏళ్లు ఒకే ఇంటికి నడిపాను. ఆబిడ్స్ మెయిన్ రోడ్డు వెనక సన్నటి గల్లీలో ఆ ఇల్లు. బేగంబజార్లో మసాలా దినుసుల హోల్‌సేల్ దుకాణం వాళ్లది. నేను చేరినప్పుడు పెద్ద సేట్ ఉండేవాడు. ఆయన పోయాక ఇంట్లో మిగిలింది ఆయన భార్య, మేమంతా అమ్మా అని పిలిచే ఆవిడ, ఆమె కొడుకు చిన్న సేట్. చిన్న సేట్‌ను నేను బడికి దింపినవాణ్ణి. ఇప్పుడు ఆయనకు నలభై దాటాయి, నన్ను అన్నా అనే పిలుస్తాడు. ఆ ఇంటి వెనక గదిలోనే అప్పట్లో నా కాపురం. కిరాయి లేదు. ఉద్యోగం ఉన్నంతకాలం గది ఉంటుంది, ఆ మాట ఎవరూ పైకి అనకపోయినా అందరికీ తెలుసు.

అమ్మకు వెన్నుకు ఆపరేషన్ అయింది. వారానికి మూడుసార్లు నాంపల్లిలో ఎగ్జిబిషన్ గ్రౌండ్ అవతల ఉన్న దవాఖానకు ఎక్సర్‌సైజులకు తీసుకెళ్లాలి. వెన్నుకు కుదుపు తగలకూడదని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఆపరేషన్‌కు ముందే ఆమె లక్షవత్తుల నోము పట్టింది. లక్ష వత్తులు సొంత చేత్తో చేసి, కార్తీకంలో వెలిగించి తీర్చుకోవాలి. ఆపరేషన్ నాటికి చాలామటుకు అయిపోయి ఇంకా కొన్ని వేలే మిగిలాయి. ఆపరేషన్ తర్వాత కింద కూర్చోలేదు, కుర్చీలో పది నిమిషాలకు మించి ఆగలేదు. ఆమెకు నొప్పి లేకుండా కూర్చునే చోటు ఒక్కటే మిగిలింది, మా పాత కారు వెనక సీటు. పదిహేనేళ్లుగా ఆమె కూర్చుని కూర్చుని ఆ సీటు ఆమె నడుము ఎట్లా ఉంటే అట్లా దిగిపోయింది. అందుకని దూది సంచి ఒళ్లో పెట్టుకుని దారి పొడవునా వత్తులు చేసేది. దవాఖాన దగ్గర నేను తలుపు తీసి చెయ్యి ఇస్తే, పట్టుకుని దిగుతూ లెక్క చెప్పేది. "ఇయ్యాల నలభై రెండయినయ్. ఒక్కటి సుత ముడి వడలె."

ముడి పడలేదంటే నేను బాగా నడిపానని అర్థం. దూది లాగి అరచేతుల మధ్య పొడుగ్గా నులిమేటప్పుడు చిన్న కుదుపు తగిలినా వత్తి ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది. అట్లాంటివి ఆమె నోములో కలపదు. నాకు ఎవరూ ఏ పతకాలూ ఇవ్వలేదు గాని ఆ వత్తుల లెక్క విన్నప్పుడు లోపల కొంచెం పొంగేవాణ్ణి. దాచుకోవడమెందుకు, బాగానే పొంగేవాణ్ణి.

ఇక్కడ మా పనిలో కిటుకు ఒకటి చెప్పాలి. నాకు డ్రైవింగు నేర్పిన ముసలి ఉస్తాద్ నాంపల్లి గ్యారేజీలో పనిచేసేవాడు. బండి ఆపడం అందరికీ వచ్చు, ఆగినట్టు తెలియకుండా ఆపడం డ్రైవర్ పని అనేవాడు. బండి నిలబడే ముందు చివరి జానెడు దూరంలో బ్రేకు మీది కాలు వెంట్రుకవాసి వదలాలి. వదలకపోతే బండి ముక్కు వంచి లేస్తుంది, వెనకవాళ్ల తల ముందుకు పోయి వెనక్కి వస్తుంది. నడిపేవాడు స్టీరింగు పట్టుకుని ఉంటాడు కాబట్టి వాడికి ఇది అంత తెలియదు. అందుకే చాలామంది జన్మంతా నడిపినా నేర్చుకోరు.

పాత కారుకు సామాన్లు దొరకడం మానేశాయి. చిన్న సేట్ కొత్తది కొనాలనుకున్నాడు. ఆయనకు పెద్ద ఎస్‌యూవీ కావాలి, మూడు వరసల సీట్లది, ఎక్కితే పక్కనున్న ఆటోవాడి తల కనపడకూడదు. అమ్మకు నొప్పి తగలని సీటు కావాలి. రెండూ ఒకే బండిలో ఉంటాయని షోరూంవాళ్లు ముగ్గురూ చెప్పారు. చిన్న సేట్ నన్ను పిలిచి, "అన్నా, అమ్మ పానం నీకు ఎరుక. మూడు బండ్లు తెప్పిస్త. మూడూ నువ్వే నడుపు. నువ్వు ఏది అంటె గదే" అన్నాడు. అంత పెద్ద మాట నాతో ఎవరూ అనలేదు. ఆ రాత్రి మా ఆవిడకు మూడుసార్లు చెప్పాను.

మూడు బండ్లూ మూడు రోజులు వచ్చాయి. పేర్లెందుకు, రంగులు చెబుతాను. పొద్దున చిన్న సేట్‌తో ఔటర్ రింగు రోడ్డు, తర్వాత అమ్మను ఎక్కించుకుని మామూలు దవాఖాన దారి.

మొదటి రోజు తెల్లది. రింగు రోడ్డు మీద దానికి తిరుగులేదు. అంత ఎత్తు బండి వంపులో కొంచెమైనా ఒరగలేదు, స్టీరింగు చిటికెన వేలికి పలికింది. చిన్న సేట్ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు నాంపల్లి స్టేషన్ రోడ్డు దాకా నిలిచింది. మెట్రో స్తంభాల పక్కన తవ్వి పూడ్చిన అతుకులు ఉంటాయి కదా, ఒక్కొక్కటీ సీట్లోంచి లెక్కపెట్టుకోవచ్చు. స్పోర్ట్ బండి, బిగుతు ఎక్కువ. అమ్మ పద్దెనిమిది వత్తులు చేసి సంచి మూతి కట్టేసింది. తెల్లదాని కథ అక్కడితో అయిపోయింది.

రెండో రోజు బూడిద రంగుది. పాత కాలపు లారీలాగా గట్టి చట్రం మీద కట్టిన బండి, పెద్ద డీజిల్ ఇంజను. తొక్కితే కాసేపు ఆలోచించి గాని కదలదు. వంపులో పక్కకు ఊగుతుంది. పెద్ద స్పీడ్ బ్రేకరు ఎదురైతే దానికి లెక్కే లేదు, చిన్న గతుకులకు మాత్రం వెనక భాగం అదురుతూనే ఉంటుంది. ఎక్కే మెట్టు కూడా బాగా ఎత్తు. అయితే ఆ బండి నాకు చేతికి తెలిసిన బండి. ఎక్కడ కాలు వదలాలో, ఎక్కడ ముందే తగ్గించాలో అంతా డ్రైవరే చూసుకోవాలి. నా తెలివంతా పెట్టి నడిపితే అమ్మకు ఇరవై తొమ్మిది వత్తులు వచ్చాయి.

మూడో రోజు నల్లది వచ్చింది. దానితో వచ్చిన షోరూం అమ్మాయికి ముప్పై ఉంటాయి, పనిలో గట్టిది. బండి కింద స్ప్రింగుల బదులు గాలి సంచులు ఉంటాయని, గతుకును ముందే చూసుకుని బండి సర్దుకుంటుందని చెప్పింది. నేను ముప్పై ఏళ్లలో ఇట్లాంటి మాటలు చాలా విన్నాను. కానీ రింగు రోడ్డు మీద తొక్కితే చప్పుడు లేకుండా పోయింది. వంపులో తెల్లదాని అంత కాకపోయినా నిటారుగా నిలబడింది. బ్రేకు మొదటి తాకిడికే గట్టిగా పట్టింది. కాలు కొంచెం సుతారంగా ఉంటే చాలు, అంత బరువు బండీ ఎక్కడ నిలపమంటే అక్కడ నిలిచింది. మూడింట్లో అది చాలా పైన ఉంది. ఆ మాట ఎవరికైనా ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

అమ్మను ఎక్కించుకోవడానికి మా గల్లీకి వచ్చాం. ఆ గల్లీ మలుపు నాకు పేరు తెచ్చిన మలుపు. పెద్ద బండి అక్కడ తిరగాలంటే మూడుసార్లు ముందుకూ వెనక్కూ చేయాలి, గోడకు జానెడు కూడా మిగలదు. నేను తిప్పుతుంటే పాన్ డబ్బావాళ్లు నిలబడి చూసేవాళ్లు. నల్లదానికి వెనక చక్రాలు కూడా తిరుగుతాయి. ఒక్క తిప్పుతో లోపలికి వచ్చేసింది. పైనుంచి చూసినట్టు గల్లీ అంతా స్క్రీను మీద కనపడుతోంది. పాన్ డబ్బా దగ్గర ఎవరూ తలెత్తనైనా లేదు.

చిన్న సేట్ నా భుజం మీద చెయ్యి వేసి, "అన్నా, గీ బండికి డ్రైవర్ ఎందుకే? గిదైతె నేనే నడుపుకుంట" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు, అని దిగి దుకాణానికి వెళ్లిపోయాడు. ఆయన మనసులో కీడు లేదు. నాకు మాత్రం నా వయసు గుర్తొచ్చింది. యాభై ఏడేళ్లవాడికి ఆబిడ్స్‌లో కొత్తగా ఎవరు పని ఇస్తారు? గది ఖాళీ చేసి ఎక్కడికి పోవాలి? మా ఆవిడ కుట్టు మిషను ఆ గది కిటికీ దగ్గర పెట్టుకుని చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు జాకెట్లు కుట్టేది, ఆ గిరాకీ అంతా ఆ గల్లీలోనే ఉంది. ఇదంతా అమ్మ ఇంట్లోంచి నడిచి వచ్చి బండి ఎక్కేలోపు ఆలోచించాను. ఆమె మెల్లగా నడుస్తుంది కాబట్టి నాకు చాలినంత సమయం దొరికింది.

ఆ రోజు దవాఖాన దారిలో నేను చివరి జానెడు వదలలేదు.

అంతే చేశాను. గతుకుల్లో దూకించలేదు, జోరుగా పోనివ్వలేదు. ఆగాల్సిన ప్రతిచోటా బ్రేకు తొక్కి తొక్కినట్టే ఉంచాను. దానికి అసలే గట్టి బ్రేకు. జీపీఓ సిగ్నల్ దగ్గర ముక్కు వంచి లేచింది, స్టేషన్ ముందు లేచింది, ఎగ్జిబిషన్ గ్రౌండ్ గేటు దగ్గర లేచింది. పక్క సీట్లో షోరూం అమ్మాయి, "అంకుల్, కొంచెం స్మూత్‌గా వేయండి బ్రేక్, కొత్త కదా మీకు" అంది. "నా కాలు ఇంతకన్న మెత్తగ వడదమ్మా, నీ బ్రేకులే గట్లున్నయ్" అన్నాను. ఆ అమ్మాయి ఒళ్లోని పుస్తకం తెరిచి ఏదో వెతికింది. పాపం ఆమె తప్పేముంది. అద్దంలో చూస్తే అమ్మ తల ఊగుతోంది. ఒకసారి చెయ్యి నడుముకు పెట్టుకుంది. అది చూశాక కూడా తర్వాతి సిగ్నల్‌లో నేను కాలు వదలలేదు. ఇన్నేళ్లయినా నాకు మింగుడుపడనిది ఆ సిగ్నలే.

దిగేటప్పుడు అమ్మ లెక్క చెప్పలేదు. సంచిలో చూస్తే వత్తులన్నీ ముడులే.

సాయంత్రం చిన్న సేట్‌తో, నల్లది జోరుకు మంచిదేగాని బ్రేకు కరుస్తుంది, అమ్మకు పనికిరాదు, బూడిద రంగుది తీసుకోండి అని చెప్పాను. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లను చాలామందిని చూశాను. ఆడగలిగి ఉండీ మద్దెల ఓడన్నవాణ్ణి నేనే. చిన్న సేట్ తల్లి వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది. "ఆయన ఏదంటె గదే తీస్కో బిడ్డా" అంది.

బూడిద రంగు బండి వచ్చింది. గల్లీ మలుపులో మూడుసార్లు ముందుకూ వెనక్కూ చేశాను. పాన్ డబ్బావాళ్లు మళ్లీ చూశారు. నా పని నిలిచింది, మా ఆవిడ మిషను కిటికీ దగ్గరే ఉంది. నేను కూడా పాపపరిహారం అన్నట్టు ఎప్పుడూ లేనంత జాగ్రత్తగా నడిపాను. ప్రతి సిగ్నల్‌లో చివరి జానెడు వదిలాను. గతుకు కనపడితే సైకిలువాడు దాటిపోయేంత నెమ్మది చేశాను. అదంతా నాకు సరిపోయినట్టే అనిపించింది. ముందు సీట్లో ఏ నొప్పీ లేదు మరి.

రెండు నెలలు గడిచాక గమనించాను, అమ్మ ఒళ్లో దూది సంచి లేదు. ఎన్నాళ్ల నుంచి లేదో నాకు గుర్తు రాలేదు. నోము పూర్తయిందేమో అనుకుందామంటే కార్తీకం ఇంకా దూరం. "అమ్మా, ఒత్తులు చేస్తలేవు?" అని అడిగాను. "చేతులు నొస్తున్నయ్" అంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను రోడ్డు వైపు తిరిగాను, ఇంకా అడిగితే ఏం వస్తుందో అని భయం.

ఇంకో నెలకు, ఒక సోమవారం పొద్దున, చిన్న సేట్ కూడా బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అమ్మ రమ్మందట. ఆమె కొడుకుతో, "ఇయ్యాల నువ్వు నడుపు" అంది. నాతో, "నువ్వు ఎన్కకు రా, నా పక్కన కూసో" అంది.

డ్రైవర్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. తను నడిపే బండిలో డ్రైవరు వెనక సీటు తుడుస్తాడు, దులుపుతాడు, కవర్లు మారుస్తాడు. కూర్చోడు. కూర్చోవద్దని ఎవరూ అనరు, అయినా కూర్చోడు. ముప్పై ఏళ్లలో ఆ ఇంటి ఏ బండిలోనూ నేను వెనక కూర్చోలేదు. మూడు బండ్లను పోల్చి తీర్పు చెప్పినప్పుడు కూడా కూర్చోలేదు. ఆ రోజు చెప్పులు బయట విడవాలా అని అడగబోయి ఆగాను.

అమ్మ దూది సంచి తీసి నా ఒళ్లో పెట్టింది. "చెయ్యి" అంది. "నాకు రాదమ్మా" అంటే, దూది ఎట్లా లాగాలో, అరచేతుల మధ్య ఎట్లా నులమాలో చూపించింది. బండి కదిలింది. జీపీఓ దాటాక అతుకుల రోడ్డు మొదలైంది. వెనక సీటు కింద అదురు పుట్టి నడుములోంచి మెడ దాకా వచ్చింది. చక్రం ఒక పక్క దిగితే మనిషి ఆ పక్కకు పోతాడు, పట్టుకోవడానికి స్టీరింగు లేదు. రెండు చేతుల్లోనూ దూది ఉంది. ఆపరేషన్ అయిన మనిషి మూడు నెలలు, వారానికి మూడుసార్లు ఇక్కడ కూర్చుంది. ముందు సీట్లో నేను ఎంత జాగ్రత్త పడినా ఈ అదురు నా చేతిలో లేదు, అది బండిలోనే ఉంది. నాకు చాలా సిగ్గేసింది.

స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి, "ఎన్నయినయ్?" అని అడిగింది.

"ఒక్కటి గూడ కాలేదమ్మా."

"నాగ్గూడ గంతే." నా వైపు తిరిగి, "ఇగ సచ్ చెప్పు. గా మూడిట్ల ఏ బండి మంచిగుండె?" అంది.

అద్దంలో చిన్న సేట్ కళ్లు నా మీద ఉన్నాయి. గది, కిటికీ, కుట్టు మిషను అన్నీ గుర్తొచ్చాయి. చేతిలో ముడులు పడిన దూది ఉంది.

"నల్లదమ్మా" అన్నాను.

"గదేంది అన్నా, మరి గప్పుడు వద్దంటివి గద?" అన్నాడు చిన్న సేట్. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అంతలో ఎదురుగా సిగ్నల్ పడింది. ఆయన బ్రేకు తొక్కి తొక్కినట్టే ఉంచాడు. బండి ముక్కు వంచి లేచింది. అమ్మ తలా నా తలా ఒకేసారి ముందుకు పోయి వెనక్కి వచ్చాయి.

అమ్మ నడుము పట్టుకుని కొడుకుతో అంది, "బ్రేకు గట్ల తొక్కి ఉంచొద్దు బిడ్డా. బండి ఆగేముందు చివరి జానెడుల కాలు జర వదలాలె. ఈయన దగ్గర నేర్సుకో. ముప్పై ఏండ్ల సంది నా తల కదలనియ్యలె." తర్వాత కిటికీ వైపు తిరిగి, "ఒక్క దినం మర్సిండు, గంతే" అంది.

ఏ దినమో చిన్న సేట్ అడగలేదు. పచ్చ లైటు పడింది, వెనక ఆటోలు హారన్లు మొదలుపెట్టాయి. తర్వాతి సిగ్నల్‌లో ఆయన కాలు వదిలాడు గాని ముందే వదిలేశాడు, బండి గీత దాటింది. నేను వెనక నుంచే చెప్పాను, ఇంకొంచెం ఆగి వదలాలని.

ఆ బండి ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. అమ్మ దాన్ని మార్చనివ్వలేదు. టైర్లలో గాలి కొంచెం తగ్గించి, సీటు మీద దూది పరుపు కుట్టించి, తవ్వకాలు లేని చుట్టు దారి పట్టి, మిగిలిన రెండేళ్లూ నేను నడిపాను. పది వత్తుల్లో ఆరు నిలిచేవి. నోము మరుసటి కార్తీకంలో తీరింది. ఇప్పుడు చిన్న సేట్ నడుపుతాడు, ఆగినట్టు తెలియదు.

ఆ సోమవారం దవాఖాన ముందు నేను దిగి, అవతలి వైపు వచ్చి తలుపు తీసి, చెయ్యి ఇచ్చాను. చిన్న సేట్ దిగి గేటు దగ్గర బండి పెట్టే చోటు అడుగుతున్నాడు, ఆయనకు వినపడదు. "అమ్మా, నీకు అప్పుడే తెల్సు గద. ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తె పిల్లగాడు గా నల్లదే తెస్తుండె, నిన్ను పంపిస్తుండె" అంది. మెట్టు మీద ఒక కాలు పెట్టి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "గా బండి మంచిదే. గాని చెయ్యి వట్టి దింపుతదా?"

మెట్టు బాగా ఎత్తు, మెల్లగా దింపాను.